నడుమ కాలం

(పి.వి. సతీష్‌ను స్మరిస్తూ, కోట్‌పల్లి శ్రోతల కోసం రాసిన స్మారకోపన్యాస పాఠం)

కోట్‌పల్లి ప్రాజెక్టును పొలాలకు నీళ్ల కోసం కట్టారు. 1967 నాటి కట్ట అది. ఇప్పుడు ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి బారులు తీరే కార్లకు దాని ఆయకట్టు సంగతి తెలియదు. వాళ్లు కయాక్‌లు తొయ్యడానికి వస్తారు. ఒడ్డున లైఫ్ జాకెట్ల బకిళ్లు బిగిస్తూ, తెడ్డు ఏ చేత్తో ఎట్లా పట్టాలో చూపిస్తూ కనిపించే పిల్లలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్ల ఇళ్లలో పెద్దలకు తెలిసింది సేద్యం, పశువులు, చేపల వల. వచ్చినవాళ్లు ఆ పిల్లల్ని చూసి "ఎంత మారిపోయారో!" అని మెచ్చుకుని, ఫోటో దిగి, సాయంత్రానికి వెళ్లిపోతారు. మారిన మాట నిజమే. మునుపు ఏమిటో, ఇప్పుడు ఏమిటో కళ్లెదుటే ఉంది. ఆ రెంటి నడుమ గడిచిన నెలల్లో ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందని మాత్రం ఎవరూ అడగరు.

మనిషి తనను తాను మార్చుకోవడం గురించి పుస్తకాలకు కొదవలేదు. ఏ రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో చూసినా సగం అవే. అన్నింటిలోనూ కథ ఒకటే. ఒకప్పుడు అతను ఇట్లా ఉండేవాడు, గట్టిగా అనుకున్నాడు, ఇవాళ అట్లా అయ్యాడు. మొదటి పేజీలో పూరిగుడిసె, చివరి పేజీలో సన్మానం. నడుమ ఏం జరిగిందంటే "కష్టపడ్డాడు" అన్న ఒక్క మాటతో దాటేస్తారు. పాత పని చేజారి, కొత్త పని ఇంకా చేతికి రాని ఆ కాలం కొందరికి ఆరు నెలలు, కొందరికి పదేళ్లు. మార్పు నిలవడమూ బెడిసికొట్టడమూ తేలేది అక్కడే. సంకల్పం కన్నా ఆ కాలాన్ని ఎవరు మోశారన్నదే అసలు ప్రశ్న అని ఈ ఉపన్యాసం చెప్పదలచుకుంది. అందుకు సతీష్ జీవితం, ఆయనతో కలిసి నడిచిన జహీరాబాద్ ఆడవాళ్ల జీవితాలు దగ్గరి సాక్ష్యం. కోట్‌పల్లికి అది పక్క జిల్లా. నేలా దాదాపు అదే, పంటలూ దాదాపు అవే.

పెరియపట్న వెంకటసుబ్బయ్య సతీష్ మైసూరువాడు. 1945లో పుట్టాడు. ఢిల్లీలో జర్నలిజం చదివి, విలేఖరిగా మొదలై, దూరదర్శన్‌లో నిర్మాతగా దాదాపు రెండు దశాబ్దాలు పనిచేశాడు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపిన 'సైట్' ప్రయోగంలో ఆయన చెయ్యి ఉంది. ఆ రోజుల్లో అదొక అద్భుతం. ఊరి మధ్య గద్దె మీద టీవీ పెట్టె, చుట్టూ ఊరంతా. ఎరువులు ఎట్లా వెయ్యాలో, బిడ్డకు టీకా ఎప్పుడు వేయించాలో పట్నం చెబుతుంటే పల్లె వినేది. పల్లె తిరిగి ఒక మాట చెప్పడానికి ఆ పెట్టెలో తోవ లేదు.

1983లో ఆయన స్నేహితులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టాడు. జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ దానికి ఇల్లయింది. కెమెరా, స్టూడియో, ఢిల్లీ, హైదరాబాద్ తెలిసిన మనిషికి జొన్నచేలో ఏం పని? అప్పట్లో చాలామంది అడిగి ఉంటారు. ఆయన వ్యవసాయం చదవలేదు. తెలుగు ఇంటి భాష కాదు. నడి వయసుకు దగ్గరపడుతున్న మనిషి తన పనిలో నిపుణుడనిపించుకున్నాక, మరో పనిలో ఓనమాలు దిద్దడానికి కూర్చోవడం చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది.

ఆయన దగ్గర చేరినవాళ్లు ఎక్కువగా దళిత స్త్రీలు. కొందరికి సెంటు భూమి లేదు. కొందరికి కాగితం మీద ఎకరమో రెండెకరాలో ఉండేది. ఆ భూమి చూస్తే రాళ్లు తేలిన పడావు. దున్నడానికి ఎడ్లు ఉండవు, తోలడానికి పెంట ఉండదు. సొంత చేను ఎండబెట్టుకుని పరాయి చేలో కూలికి పోయేవాళ్లు. వానాకాలం మధ్యలో, పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలల్లో, ఇంటింటా అప్పులే. పగలంతా పనిలో ఉంటారు కాబట్టి, ఊళ్లలో వాళ్లు పెట్టుకున్న సంఘాల మీటింగులు రాత్రిపూట జరిగేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ ఆడవాళ్ల గురించి బయటి లోకం చెప్పుకునే కథ కెమెరాతో మొదలవుతుంది. అక్షరం రాని దళిత మహిళ వీడియో కెమెరా పట్టింది అంటూ పత్రికలు రాశాయి. తప్పేం లేదు, అది రాయదగ్గ విషయమే. కానీ కెమెరా కన్నా ముందు జొన్నలు వచ్చాయి.

1990ల నడుమ జహీరాబాద్ ప్రాంతంలో సంఘాలు ఒక పద్ధతి నడిపాయి. పడావు పడ్డ భూమిని సాగులోకి తేవడానికి దున్నకానికి, పెంటకు, విత్తనానికి విడివిడిగా, అదను తప్పకుండా అప్పు ఇచ్చేవాళ్లు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నల రూపంలో, కొన్నేళ్ల మీద తీర్చాలి. అలా వచ్చిన జొన్నలు ఊరు దాటిపోవు, ఊళ్లోనే నిలువ ఉంటాయి. గింజలు అడుగంటే నెలల్లో ఆ ఊరి పేదలకు తక్కువ ధరకు అమ్ముతారు. ఎవరు పేద, ఎవరు మరీ పేద అన్నది ఆఫీసు కాగితం తేల్చదు. ఊరి ఆడవాళ్లే కూర్చుని తేలుస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో పక్కింటి ఆడమనిషి కన్నా బాగా తెలిసిన తహసీల్దారు ఎక్కడైనా ఉంటాడా?

దానికి తోడు విత్తనం. వేపాకు, బూడిద కలిపి, బుట్టలకు పేడమట్టి అలికి, ఒక్కో రకం విడిగా దాచి ఉంచడం. జొన్న, కొర్ర, సామ, కంది, అనుము, అలసంద ఒకే చేలో వేస్తారు కాబట్టి వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికందుతుంది. ఇంట్లో విత్తనం ఉన్న ఆడమనిషి దుకాణం మెట్లెక్కి అప్పు అడగక్కర్లేదు. వింటే చిన్న విషయమే. కానీ రేపటి తిండికి ఇవాళ ఒకరి ముందు చెయ్యి చాపాల్సిన మనిషి తనను తాను కొత్తగా ఊహించుకోలేదు. ఆ ఊహకు కొంత ఖాళీ కావాలి. జొన్నలు ఆ ఖాళీని కొనిపెట్టాయి.

ఆ తరువాత కెమెరా.

సంఘాల ఆడవాళ్లు తమ చేలల్లో ఏం చేస్తున్నారో నాలుగు ఊళ్లకు తెలియాలి. రాయడం రాదు, చదివేవాళ్లు తక్కువ. సతీష్ తన పాత విద్యను ఇక్కడ బయటికి తీశాడు. ఈసారి చూపించేవాడు ఆయన కాదు. 1990ల చివర్లో మొదలైన వీడియో శిక్షణ 2001కల్లా కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నిలబడింది. బటన్ల మీద ఇంగ్లిష్ అక్షరాలు, వాటిని చదవడం రాని చేతులు. కానీ ఆ చేతులు ఏళ్లతరబడి విత్తనాలు వేరుచేసినవి. పుచ్చు గింజనూ గట్టి గింజనూ చూపుతోనే పట్టేసే కళ్లవి. ఫ్రేములో ఏది ఉండాలి, ఏది తీసెయ్యాలి అన్న విద్య వాళ్లకు మొదట్నుంచి నేర్పాల్సిన అవసరం రాలేదు.

షాట్లకు వాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పటేలు మిట్ట మీద, కూలి మనిషి పల్లంలో నిలబడే ఎక్కువతక్కువల చూపుకు పటేల్ షాట్ అన్నారు. ఎదురెదురుగా, కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. వాళ్ల సినిమాల్లో రైతు ఎవరైనా చేలో గొంతుక్కూర్చుని మాట్లాడుతుంటే కెమెరా కూడా గొంతుక్కూర్చుంటుంది. ఇన్‌స్టిట్యూట్లలో నెలలు పట్టే పాఠం ఇది. వీళ్లు దాన్ని పటేళ్ల వాకిళ్లలో నిలబడి ఎప్పుడో నేర్చుకున్నారు.

హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఆమె తోటివాళ్లు 2002లో కెమెరా తీసుకుని వరంగల్ జిల్లా వెళ్లారు. దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తొలి ఏడాది అది. విత్తిన నాటి నుంచి పంట ఇంటికి వచ్చేదాకా రైతుల చేలల్లోకి మళ్లీ మళ్లీ పోయి, వాళ్ల మాటల్ని వాళ్ల నోటితోనే రికార్డు చేశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపం వచ్చిందని అడిగే ఆ సినిమా 2003లో బయటికొచ్చి విదేశాల్లోనూ ఆడింది. సినిమాలతో పాటు ఆ ఆడవాళ్లూ దేశాలు తిరిగారు. మరి ఆ సినిమా బీటీని ఆపిందా? ఆపలేదు. ఇవాళ దేశంలో పత్తి సాగులో నూటికి తొంభై వంతులకు పైగా బీటీయే. కోట్‌పల్లి ఉన్న వికారాబాద్ జిల్లా చేలల్లోనూ అదే. మనుషులు మారినంత మాత్రాన బజారు మారదు. మార్పు గురించి మురిపెంగా చెప్పేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు కాబట్టి ఇక్కడ పైకే చెప్పడం మంచిది.

నడుమ కాలం ఎంత పొడుగ్గా ఉండగలదో చూడాలంటే జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ పోవాలి. అక్కడ సంఘం రేడియో ఉంది. యునెస్కో సాయంతో స్టూడియో 1990ల చివర్లోనే సిద్ధమైంది. మైకులు వచ్చాయి, రికార్డింగ్ నేర్చుకున్నారు. గాలిలోకి మాట వదలడానికి మాత్రం లైసెన్సు లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. తీర్పు వచ్చిన ఏడేళ్లకు, 2002లో, ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు తలుపు కొద్దిగా తెరిచింది. అదీ విద్యాసంస్థలకే. 2006 నవంబర్‌లో గానీ స్వచ్ఛంద సంస్థలకు అవకాశం రాలేదు.

అన్నేళ్లూ వాళ్లు ఏం చేశారు? రికార్డు చేస్తూనే ఉన్నారు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పశువుల జబ్బులు, పెద్దమనుషుల అనుభవాలు అన్నీ క్యాసెట్లకెక్కాయి. గాలిలోకి పంపలేని కార్యక్రమాలను సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. అంటే రేడియో లేకుండానే రేడియో నడిపారు. లైసెన్సు వచ్చేనాటికి వాళ్లు కొత్తవాళ్లు కారు, పాత చేతులు. 2008 అక్టోబర్ 15న జస్టిస్ సావంత్ చేతుల మీదుగానే కేంద్రం మొదలైంది. 90.4 మీద, సాయంత్రం వంటావార్పూ వేళకు, జహీరాబాద్ యాసలో మాట వినబడింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ కేంద్రాన్ని నడిపారు. ఆడవాళ్లు నడిపే ఇలాంటి రేడియో దేశంలో అదే మొదటిదని అప్పట్లో పత్రికలు రాశాయి. రేడియో అంటే ఒకప్పుడు పుస్తకంలోని తెలుగు. తమ ఇంట్లో మాట్లాడే మాట పెట్టెలోంచి వస్తే వినేవాళ్లు ఎట్లా ఉలిక్కిపడ్డారో ఊహించుకోవచ్చు.

ఆ పదేళ్లను ఒంటరిగా ఎవరూ ఓర్చుకోలేరు. మైకు పట్టిన పిల్లను "ఏం సాధించావే?" అని ఇంట్లో అడిగితే చూపించడానికి ఒక కాగితం ముక్క కూడా లేని కాలమది. పక్కన సంఘం ఉంది కాబట్టి నిలిచారు. వింటున్నవాళ్లు ముప్పైమందే అయినా ఎదురుగా కూర్చుని వింటున్నారు కాబట్టి నిలిచారు.

ఇంత చెప్పాక ఒక అనుమానం రావచ్చు. ఇదంతా గుంపు బలం కదా, ఒంటరి మనిషి సంగతేమిటి అని. తెలుగువాళ్లకు ఆ ఒంటరి మనిషిగా ముందు గుర్తొచ్చేది దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ కాపురం తనకు వద్దని చెప్పి బయటికొచ్చింది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా టికెట్ లేదని నెహ్రూనే గుమ్మంలో ఆపిన వాలంటీరు పిల్ల ఆవిడే. ఈ కథ అందరికీ తెలిసిందే, పాఠ్యపుస్తకాల్లోనూ చదువుకున్నదే. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలుకు పోయింది. మదురై జైల్లో ఏకాంత శిక్ష అనుభవించింది.

పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోనిది ఆ తరువాతి కాలం. జైలు నుంచి వచ్చేనాటికి ఆమెకు పాతికేళ్లు దగ్గరపడుతున్నాయి. హిందీ బాగా వచ్చు, ఉద్యమం తెలుసు, చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ లేదు. ఆ వయసులో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, ఎంఏ. 1942లో మద్రాసులో లా. అంటే దాదాపు పదేళ్లు చదువుతూనే ఉంది. ఎనిమిదేళ్లకు పెళ్లయిన పిల్ల కాపురం వద్దన్నప్పుడు తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో ఆ అండ ఎంత అరుదో ఎవరికి చెప్పాలి? దుర్గాబాయి ధైర్యం గురించి పది పేజీలు రాసేవాళ్లు ఆ తండ్రి గురించి పది వాక్యాలైనా రాయాలి.

తనకు దొరికిన అండను ఆవిడ మర్చిపోలేదు. దాన్నొక పథకంగా మార్చింది. 1937లో పెట్టిన ఆంధ్ర మహిళా సభలో, బడి మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్‌కు కూర్చోబెట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, 1958 నుంచి పెద్ద వయసు ఆడవాళ్ల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే చదువు ఆగిపోయినవాళ్లు ఏళ్ల పాఠాలను రెండు మూడేళ్లలో చదివి పరీక్షకు కూర్చునేవాళ్లు. ఆ తోవన టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయినవాళ్లు చాలామంది. దుర్గాబాయి మొదటి భర్త 1941లో చనిపోయాక, ఆయన రెండో భార్య ఈవిడ దగ్గరికే వచ్చి ఉండి పని నేర్చుకుందని ఆత్మకథ చెబుతుంది. నవలలో రాస్తే నమ్మరు.

వికారాబాద్ జిల్లాలో మార్పు గురించి మాట్లాడుతూ మర్రి చెన్నారెడ్డిని తలవకపోతే పెద్దలు ఊరుకోరు. సిరిపురంలో 1919లో పుట్టి, డాక్టరీ చదివి, రాజకీయాల్లోకి వచ్చినవాడు. 1967లో తాండూరు నుంచి గెలిచాడు. ఓడిన వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కితే ఆ ఎన్నిక చెల్లకుండా పోయింది. ఆరేళ్లు పోటీ చెయ్యకూడదన్నారు. వేరొకరైతే అక్కడితో సరి. ఆయన 1969లో తెలంగాణ ఉద్యమానికి నాయకుడయ్యాడు. 1971లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజా సమితి 10 లోక్‌సభ స్థానాలు గెలిచింది. అదే ఏడు పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నర్, 1978లో ముఖ్యమంత్రి, 1989లో మళ్లీ ముఖ్యమంత్రి. పడ్డ ప్రతిసారీ లేచాడు, సందేహం లేదు. కానీ ఆ లేవడానికి కులం, భూమి, పేరు, అనుచరులు అన్నీ ఆసరా ఉన్నాయి. పెద్ద మనుషులకు నడుమ కాలం ఉంటుంది, నడుమ కాలంలో ఆకలి ఉండదు. అందుకే వాళ్ల పునర్జన్మలను మాచ్‌నూర్ ఆడవాళ్ల మార్పుతో ఒకే తక్కెట్లో వెయ్యకూడదు.

తాండూరు నాపరాళ్ల పనివాళ్ల సంగతి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఒకప్పుడు తెలుగు దేశంలో సగం ఇళ్ల అరుగులు ఆ రాయివే. ఎండాకాలం చల్లగా ఉండేది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరిసే టైల్స్ వచ్చాక గిరాకీ పడిపోయింది. గనిలో రాయి లేపేవాడికి, పాలిష్ మిషను దగ్గర దుమ్ములో నిలబడేవాడికి "కాలంతో పాటు మారాలి" అని చెప్పడం సులువే. నలభై ఏళ్లు దాటినవాడు, ఊపిరితిత్తుల్లో ఇరవై ఏళ్ల రాతిపొడి ఉన్నవాడు, రోజు కూలి మీద ఇల్లు నడిపేవాడు మూడు నెలలు ఏదో ఒక పని నేర్చుకోవాలంటే ఆ మూడు నెలల బియ్యం ఎవరిస్తారు? ఆ లెక్క చెప్పకుండా మారమని చెప్పేవాడు సలహాదారుడు కాదు, బాటసారి.

నడుమ కాలంలో తిండి కన్నా కష్టమైనది ఇంకొకటుంది. అది నలుగురి చూపు. మనిషి మారినా చుట్టుపక్కలవాళ్లు పాత పేరుతోనే పిలుస్తుంటారు. అందెశ్రీ పశువులు కాశాడు, తాపీ పనుల్లో కష్టపడ్డాడు, బడికి పోలేదు. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమం పొడుగునా వేదికల మీద మోగింది. రాష్ట్రం వచ్చిన పదేళ్లకు, 2024 జూన్ 2న గానీ అది అధికారిక గీతం కాలేదు. 2025 నవంబర్‌లో ఆయన కన్నుమూశాడు. జనం ఎప్పుడో కవి అన్నారు. సర్కారు కాగితం ఆ మాట అనడానికి అంత కాలం పట్టింది. ఇందులో ఆయన చెయ్యాల్సిన మార్పేమీ మిగల్లేదు. మారాల్సింది అవతలివాళ్లే.

జహీరాబాద్ ఆడవాళ్లకు ఆ చూపు ఎట్లా మారింది? ఏటా సంక్రాంతి రోజుల్లో అక్కడ పాత పంటల జాతర జరుగుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాలు పెట్టుకుని, డప్పులతో, పాటలతో ఊరూరూ తిరుగుతారు. ఒకప్పుడు విత్తనం అడుక్కోవడానికి ఏ వాకిలి ముందు నిలబడ్డారో, ఆ వాకిలి ముందు నుంచే విత్తనాల బండి పోతుంది. దగ్గరుండి చూడాల్సిన సంగతి ఒకటుంది. బండిలో బుట్టలు వరసగా ఉంటాయి, ఏది ఏ రకమో చీటీ ఉండదు. ఆడవాళ్లు గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుని, బొటనవేలితో కదిలించి పేరు చెబుతారు. ఎన్ని రోజుల పంట, ఏ నేలకు, ఏ కార్తెలో వెయ్యాలో చెబుతారు. అడిగేది పట్నం శాస్త్రవేత్త అయినా ఊరి పటేలు కొడుకైనా జవాబు ఒకటే తీరు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి వస్తే, న్యూయార్క్‌లో దాన్ని అందుకున్నది మొక్కలు పెంచే కూలీగా ఈ పనిలోకి వచ్చిన అనసూయమ్మ.

వీళ్లలో పాత పని పూర్తిగా మానేసినవాళ్లు తక్కువ. సినిమా తీసిన ఆవిడ సినిమా అయిపోయాక చేనుకు పోయింది. రేడియోలో మాట్లాడే ఆవిడకు కలుపు సంగతి తెలుసు కాబట్టే వినేవాళ్లు నమ్మారు. కొత్త మనిషి కావాలంటే పాత మనిషిని చంపుకోవాలని చెప్పే పుస్తకాలకు ఇది మింగుడుపడదు. సతీష్ కూడా టీవీని వదిలిపెట్టి రాలేదు. దాన్ని వెంట తెచ్చుకుని, కొన్నేళ్లకు వేరే చేతుల్లో పెట్టాడు.

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ పెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ కూడా నడుమ కాలాన్ని ఎవరో మొయ్యాలన్న సూత్రం మీదే నడిచింది. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన నాయనమ్మలు ఆరు నెలలు అక్కడే ఉండి సోలార్ దీపాలు బిగించడం నేర్చుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, రంగులూ సైగలే పాఠం. ఆ ఆరు నెలలు వాళ్ల తిండి, బస ఎవరో చూసుకున్నారు. మిగతాదంతా ఆ తరువాతి మాట.

2023 మార్చి 19న సతీష్ హైదరాబాద్‌లో చనిపోయాడు. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించి ఉంది. నలభై ఏళ్ల కింద పేదల తిండి అని పట్నం మొహం తిప్పుకున్న కొర్రలు అప్పటికి సూపర్‌మార్కెట్లో అద్దాల వెనక కూర్చున్నాయి. కిలో ధర చూస్తే వాటిని పండించే ఆడవాళ్లు కొనలేరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంటకు పేరొచ్చింది, పప్పు మిల్లు దాటాక వచ్చే లాభం ఎవరికన్నది అడగాల్సిన ప్రశ్న. పంటకైనా మనిషికైనా పేరు మారడం వేరు, బతుకు మారడం వేరు.

కోట్‌పల్లి 2016లో కొత్త మండలమైంది. వికారాబాద్ అదే ఏడు జిల్లా అయింది. ఇక్కడ ఎవరైనా నలభయ్యో ఏట బతుకు మార్చుకోవాలనుకుంటే ఏం దొరుకుతుంది? ఒకటి చెప్పుకోదగ్గది ఉంది. 1982లో హైదరాబాద్‌లో జి. రాంరెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్‌గా సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అలాంటిది అదే మొదటిది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉంది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అందులో కల్పించారు. క్లాసులు ఆదివారాలు. ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, కానిస్టేబుళ్లు వారమంతా పని చేసుకుని ఆదివారం బెంచీ మీద కూర్చుని డిగ్రీలు పూర్తి చేశారు. దాన్ని కట్టినవాళ్లు గొప్ప ప్రసంగాలేమీ చెయ్యలేదు. కూలి పోకుండా చదువుకునే రోజేదో వెతికి, ఆ రోజున క్లాసు పెట్టారు. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు.

తాండూరు గనుల దగ్గర పని పోయినవాడికి, ప్రాజెక్టు ఒడ్డున లైఫ్ జాకెట్లు కట్టే పిల్లవాడికి, కంది కోతల కూలి తగ్గిన ఆడమనిషికి ఇలాంటి ఆదివారాలు ఇంకా కావాలి. ఏ పని నేర్పుతారు, ఎన్నాళ్లు, ఆ రోజుల్లో ఇంటికి ఎన్ని కిలోల బియ్యం, ఎవరి పద్దు కింద అన్న నాలుగు ప్రశ్నలకు గ్రామసభలో జవాబు రాసుకుంటే మారేవాళ్లు ఎవరో ఊరే చెప్పగలదు. జహీరాబాద్‌లో పేదలెవరో ఆడవాళ్లు కూర్చుని చెప్పినట్టే.